కంపెనీ ఫ్యానా, కరెంటు ఫ్యానా?

తెలుగు పాఠము చెప్పుకొనువారికి మోటారు బండ్ల గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. మన కళాశాల మోటారు సంఘమునకు సలహాదారుగా ఉండుటకు విజ్ఞానశాస్త్ర విభాగములో ఎవరికిని తీరిక లేకపోయినది. తీరిక ఉన్నవారివలె కనిపించిన మా పేరును కమిటీవారు వ్రాసుకొన్నారు. నాటినుండి మేము సంధి సమాసములతో పాటు స్పానరు నంబర్లను కూడ నేర్చుకొనుచున్నాము.

పూర్వ విద్యార్థి ఒకరు దానముగా ఇచ్చిన పాత మారుతీ జిప్సీ మన సైకిళ్ల షెడ్డు ప్రక్కన రెండేండ్లుగా నిలిచి ఉన్నది. దానిని ర్యాలీలకును, కొండ యెక్కు పోటీలకును సిద్ధము చేయవలెనని మన విద్యార్థుల కోరిక. కోరిక తప్పు కాదు. 1985లో మొదలై 2019లో ప్రజలకు అమ్మకము నిలిచిపోవు వరకు మన దేశపు ర్యాలీలలో ఆ బండి సంపాదించుకొన్న పేరు సామాన్యమైనది కాదు. అయితే మన బండి వేడెక్కుచున్నది. కనుక కంపెనీవారు అమర్చిన ఫ్యానును తీసివేసి, దాని స్థానములో రెండు కరెంటు ఫ్యానులను బిగించుటకు సొమ్ము మంజూరు చేయవలసినదని విద్యార్థులు కమిటీవారికి అర్జీ వ్రాసినారు. ఆ అర్జీ మీద సలహాదారు సంతకము కావలెను. మేము ఇంకను సంతకము చేయలేదు. ఎందుకు చేయలేదో అర్జీదారులకును, కమిటీవారికిని ఒకేసారి చెప్పుకొనుటకు ఈ సంచికకన్న తగిన చోటు లేదనుకొన్నాము.

విద్యార్థులలో రెండు పక్షములు ఉన్నవి. "సార్, కంపెనీ ఫ్యాను పది గుర్రాల బలం తింటది. అది పీకేస్తే బండి గాలిలో తేలుతది" అని ఒక పక్షము. "కంపెనీవాళ్లకు తెలువదా అన్నా, నీకే తెలిసిందా?" అని రెండవ పక్షము. మొదటివారు వినికిడిని నమ్మినారు, రెండవవారు పెద్దరికమును నమ్మినారు. బండి బానెట్టు ఎత్తి చూచినవారు ఏ పక్షములోను లేరు. మేము కూడ చాలకాలము చూడలేదని ఒప్పుకొనవలెను.

ఫ్యాను చేయు పని ఏమి? ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో స్థూలముగా మూడవ వంతు మాత్రమే చక్రములకు పనికివచ్చును. ఇంచుమించు అంతే వేడి నీటిద్వారా రేడియేటరుకు చేరును. మిగిలినది పొగగొట్టము దారిన పోవును. రేడియేటరులోని వేడిని గాలి మోసికొనిపోవలెను. బండి తగినంత వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే ఆ పని చేయును. తుక్కుగూడ వద్ద అవుటర్ రింగు రోడ్డు ఎక్కి గంటకు 80, 100 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న బండికి ఫ్యాను ఉన్నను ఒకటే, లేకున్నను ఇంచుమించు ఒకటే. 158 కిలోమీటర్ల ఆ దారి మొత్తము చుట్టి వచ్చినను ఫ్యానుల తగవు తేలదు. తగవు తేలు చోట్లు వేరు. మే నెల మిట్టమధ్యాహ్నము ఆరాంఘర్ చౌరస్తాలో లారీల నడుమ చిక్కుకొని నిలిచిన చోటు ఒకటి. బరువుతో, రెండవ గేరులో, మెల్లగా కొండ యెక్కు చోటు రెండవది. మొదటి చోట ఇంజనుకు పని లేదు, గాలియు లేదు. రెండవ చోట ఇంజనుకు పని మిక్కుటము, గాలి మాత్రము స్వల్పము. ఈ రెంటిని వేరువేరుగా తూచనివారు ఫ్యానును గూర్చి మాటాడరాదు.

కంపెనీ ఫ్యాను బెల్టు ద్వారా ఇంజనుతోనే తిరుగును. ఇంజను మెల్లగా తిరిగిన ఫ్యానును మెల్లగనే తిరుగును. అనగా చౌరస్తాలో నిలిచినప్పుడు, గాలి అత్యవసరమైన వేళ, అది సోమరి. ఇది దాని లోపము. దీనిని దాచిపెట్టి వాదించుట మాకు ఇష్టము లేదు. కొండ మీద మాత్రము కథ వేరు. అక్కడ రెండవ గేరులో ఇంజను గట్టిగా తిరుగుచుండును, దానితో ఫ్యానును గట్టిగా తిరుగును. కావలసిన చోట కావలసినంత గాలి లాగును.

ఇక పది గుర్రముల మాట. ఫ్యాను వేగము రెట్టింపైనచో దానిని తిప్పుటకు కావలసిన శక్తి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లగును. నాలుగింతలైనచో అరువదినాలుగు రెట్లు. కనుక బెల్టుకు సూటిగా బిగించిన ఫ్యాను ఇంజను అరచుకొలది బలమును తినివేయుననుట అబద్ధము కాదు. అందుకనియే నడుమ ఒక క్లచ్చిని పెట్టినారు. అందులో సిలికాన్ నూనె ఉండును. ముందు భాగములో రెండు లోహములను కలిపి చుట్టిన చిన్న స్ప్రింగు ఉండును. రేడియేటరు నుండి వచ్చు గాలి చల్లగా ఉన్నంతవరకు ఫ్యాను జారుచు, బద్ధకముగా తిరుగును. ఆ గాలి వేడెక్కగానే స్ప్రింగు మెలితిరిగి లోపలి ద్వారమును తెరచును, నూనె పట్టు బిగించును, ఫ్యాను హోరెత్తును. అప్పుడుకూడ ఇంజను ఎంత అరచినను ఫ్యాను ఒక హద్దు దాటి తిరుగదు. మన జిప్సీకి ఉన్నది ఇట్టి ఫ్యానే. పది గుర్రముల లెక్క చెప్పిన విద్యార్థి క్లచ్చి లేని ఫ్యాను లెక్కను ఎక్కడనో విని, క్లచ్చి ఉన్న ఫ్యానుకు అంటగట్టినాడు.

కరెంటు ఫ్యానుకు శక్తి ఊరక రాదు. మంచి ఫ్యాను ఒకటి 12 వోల్టుల మీద 25 ఆంపియర్లు తీసికొన్నదనుకొందము, అది 300 వాట్లు. ఆ 300 వాట్లను ఇచ్చు ఆల్టర్నేటరు నూటికి 55, 60 వంతుల సామర్థ్యముతో పనిచేయును. కనుక బెల్టు మీద పడు భారము 500 వాట్లకు పైమాటే. ఒక అశ్వశక్తి 746 వాట్లు. ఒక్క ఫ్యానుకు అశ్వశక్తిలో మూడింట రెండు వంతులు, రెండింటికి ఒకటిన్నరకు కొంచెము తక్కువ. అది తిరుగుచున్నంతసేపే ఈ ఖర్చు, ఆగినప్పుడు లేదు, నిజమే. క్లచ్చి జారుచున్న కంపెనీ ఫ్యానుకును చల్లని వేళ ఖర్చు స్వల్పమే. మిగులునది చేతివ్రేళ్ల మీద లెక్కించుకొనదగిన లాభము. దానికై బండి గాలిలో తేలదు.

ఈ లెక్కలో అంతకన్న ముఖ్యమైన చిక్కు ఒకటి ఉన్నది. రెండు ఫ్యానులకు 50 ఆంపియర్లు. సాయంకాలపు ట్రాఫిక్కులో హెడ్‌లైట్లకు దాదాపు 10. ఇగ్నిషనుకు, పెట్రోలు పంపుకు మరికొంత. పాతకాలపు చిన్న బండ్ల ఆల్టర్నేటర్లు ఎక్కువ భాగము 50 ఆంపియర్లకు అటు ఇటుగా ఉండునవి. అదియును ఇంజను బాగుగా తిరుగునప్పటి మాట. నిలిచిన బండిలో అందులో సగమే వచ్చును. మిగిలినది బ్యాటరీ నుండి పోవును. బ్యాటరీ నీరసించిన కొలది ఫ్యాను నీరసించును. కరెంటు ఫ్యాను గొప్పతనమంతయు నిలిచిన బండిలోనే కదా! ఆల్టర్నేటరును మార్చక ఫ్యానును మాత్రమే మార్చినవాడు ఆ గొప్పతనమునకే గండి కొట్టుచున్నాడు. అర్జీలో ఆల్టర్నేటరు ప్రస్తావన లేదు, రిలే ప్రస్తావన లేదు, వైరు లావు ప్రస్తావన లేదు.

వైరు మాట ఎత్తినప్పుడు శ్రీశైలము దారి మాకు జ్ఞప్తికి రాక మానదు.

రెండేండ్ల క్రిందట మేమును, ఐదుగురు విద్యార్థులును, వారిలో ఒకని అన్నగారి జీపులో మహేశ్వరం గేటు నుండి శ్రీశైలము ఆనకట్ట చూచుటకు పోయినాము. జీపుకు అంతకు పదిరోజుల ముందే ఒక షెడ్డులో కంపెనీ ఫ్యాను తీసి, కరెంటు ఫ్యాను ఒకటి పెట్టించినారు. పోవునప్పుడు ఏ బాధయు లేదు. తిరుగు ప్రయాణములో, ఆనకట్ట వద్దనుండి దోమలపెంట వైపు మలుపులు తిరుగుచు ఎక్కుచుండగా సూచిక ముల్లు కదలినది. నాలుగవ మలుపు దాటకమునుపే ఎఱ్ఱగీతను తాకినది. వైరు కాలిన వాసన వచ్చినది. బండి ఆపి చూతుము గదా, డాష్‌బోర్డు మీది స్విచ్చి నుండి ఫ్యానుకు సూటిగా, రిలే లేక, రేడియో వైరువంటి సన్నని తీగ లాగి ఉన్నది. దాని తొడుగు మైనమువలె కరగి కారినది. ఫ్యానును రేడియేటరు ముందుభాగమున ప్లాస్టిక్ పట్టీలతో రెక్కల సందులనుండి గ్రుచ్చి కట్టినారు. చుట్టును తొడుగు లేదు.

తొడుగు లేని ఫ్యాను తన వెడల్పు ఎంతో అంత మేరకే గాలి లాగగలదు. 20 అంగుళముల వెడల్పు, 16 అంగుళముల ఎత్తు గల రేడియేటరు వైశాల్యము 320 చదరపు అంగుళములు. 12 అంగుళముల ఫ్యాను వృత్తము 113. అనగా మూడవ వంతు చల్లబడును, మిగిలిన రెండు వంతులు చూచుచు కూర్చుండును. ఇదంతయు ఇంటికి వచ్చిన తరువాత కాగితము మీద వేసికొన్న లెక్క. ఆనాడు మలుపు మీద మాకు తెలిసినది ఒక్కటే, రాత్రి 9 గంటలకు అడవి దారి మూసివేయుదురు, ఆలోపల మన్ననూరు తనిఖీ ద్వారము దాటవలెను.

తొందర పనికిరాదని చెప్పుటకు మా వద్ద సామెతలకు కొదువ లేదు, చెప్పుటకు వ్యవధియే దొరకలేదు. ఒక విద్యార్థి చేతిరుమాలు చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పినాడు. ఆ మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచును. ఆ ఒత్తిడివలననే నీరు 100 డిగ్రీలు దాటినను మరగక నిలిచి ఉండును. మూత తీసిన క్షణముననే ఒత్తిడి పోయి, నీరు ఒక్కపెట్టున ఆవిరియై ఎగజిమ్మినది. కుడిచేయి మోచేతి వరకు కాలినది. త్రాగుటకు తెచ్చుకొన్న నీరంతయు చేతి మీదనే పోసినాము. వెనుకనే వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు బాలుని ఎక్కించుకొని మన్ననూరులో దింపినాడు. అక్కడినుండి అచ్చంపేట ఆసుపత్రికి చేర్చినాము. చేయి బాగుపడినది. కాని ఆ యేటి పరీక్షలలో అతడు చెప్పుచుండగా వేరొకరు వ్రాయవలసి వచ్చినది. అతని తల్లి మమ్ములను ఒక్క మాట అనలేదు. "పిల్లలు మీతోనే ఉన్నారు గద సార్" అని మాత్రము అన్నది. అంతకన్న పెద్ద మాట ఏమి ఉండును?

అది కరెంటు ఫ్యాను దోషమా? కాదు. అమర్చిన తీరు దోషము. ఈ వివేకమును మేము కంపెనీ ఫ్యాను విషయములో కూడ పాటించవలెను గదా. అందుకొఱకు కిందటి నెలలో పహాడీ షరీఫ్ వైపు ఉన్న ఒక పెద్ద మేస్త్రీని మన షెడ్డుకు పిలిపించినాము. షాగిర్దులందరు ఉస్తాద్ అని పిలుచు ఆయన బడి మెట్టు ఎక్కినవాడు కాడు, నలుబది యేండ్లుగా ఇంజనులు విప్పినవాడు. ఇంజనును బాగా వేడెక్కించి, ఆపివేసి, తాళముచెవి తన జేబులో వేసికొని, అప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో నెట్టినాడు. అది గాలిపటపు చరఖావలె గిరగిర తిరిగినది. "చూసిండ్రా సాబ్, వేడి మీద పంఖా చేతికి బరువు తగలాలె. ఇది చచ్చిపోయింది. క్లచ్ల నూనె ఎప్పుడో కారిపోయింది" అన్నాడు. క్లచ్చి ముఖము మీద నల్లని జిడ్డు చారలు ఆయన చూపిన తరువాత మాకును కనిపించినవి. "మరి తొడుగేది?" అని ఆయనే అడిగినాడు. పూర్వమెవరో రేడియేటరు తీయునప్పుడు అడ్డమని తొడుగు విప్పి, మరల పెట్టుట మరచినారు.

ఇదీ మన అర్జీ సంగతి. చచ్చిన క్లచ్చి, తొడుగు లేని రెక్కలు ఒక ప్రక్క. క్రొత్తగా కొనబోవు రెండు ఫ్యానులు రెండవ ప్రక్క. రోగిని మల్లయోధునితో కుస్తీకి దింపి, ఓడిన రోగిని చూచి కంపెనీ ఫ్యాను పనికిరానిదని తీర్పు చెప్పుచున్నారు. కంపెనీవారు అమర్చిన ఫ్యానును మన విద్యార్థులలో ఎవరును ఇంతవరకు చూడనే లేదు.

ఇంకొక మాట. ఈ బండి రేడియేటరులో రెండేండ్లుగా మన కళాశాల బోరు నీళ్లే పోయుచున్నారు. మన మహేశ్వరము రాతినేల. ఇక్కడి సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతములో భూగర్భజలములను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు, ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి ఎన్నో యేండ్లు పరిశోధించినారు. నల్లరాతి పగుళ్లలో ఊరిన మన నీటిలో ఫ్లోరైడు ఉన్న సంగతి ఊరందరికిని ఎరుకయే. ఇట్టి నీరు కాగిన గిన్నె అడుగున తెల్లని పొలుసు కట్టుట మన తల్లులు ప్రతిదినము చూచుచున్నారు. రేడియేటరు గొట్టములలో కట్టినదియు ఆ పొలుసే. నీటికిని లోహమునకును నడుమ అది కంబళివలె అడ్డుపడును. అట్టి రేడియేటరు ముందు రెండు కాదు, నాలుగు ఫ్యానులు పెట్టినను కంబళి మీద విసరినట్లే.

కరెంటు ఫ్యానుకు తగిన చోటు లేదని మా అభిప్రాయము కాదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డముగా కూర్చున్నది, దాని బెల్టులు ప్రక్కకు తిరిగి ఉండును. రేడియేటరు ముఖము చూచు ఫ్యానును బెల్టుతో తిప్పు వీలు లేదు. అక్కడ కరెంటు ఫ్యానే సహజము. అంబాసిడరులు, పద్మినులు చూచి పెరిగిన మేస్త్రీలకు ఆనాడు అది వింత. ఇంజను ఆపిన తరువాత కూడ కొంతసేపు తిరిగి వేడిని లాగివేయుట కంపెనీ బెల్టు ఫ్యానుకు సాధ్యము కాదు. వానకాలములో వాగు దాటునప్పుడు ఫ్యానును ఆపి, నీరు చిమ్మకుండ చూచుకొనుట కరెంటు ఫ్యానుతోనే అగును. కొద్ది నిమిషములలో ముగిసిపోవు మైదానపు పోటీలకు మాత్రమే బండిని వాడుదురేని, ఆల్టర్నేటరు, రిలే, తొడుగు, తగిన లావు వైరు, నీటి వేడినిబట్టి తనంతట వెలుగు స్విచ్చి, ఇవన్నియు అర్జీలో ఉన్నచో మేము ఇంత వాదించి ఉండెడివారము కాము.

పరుగు బండ్లకు కరెంటు ఫ్యానులే ఉండుననుకొను విద్యార్థులు ఒకటి తెలిసికొనవలెను. ఫార్ములా వన్ బండ్లకు రేడియేటరు ఫ్యానే ఉండదు. పరుగెత్తినంతసేపు గాలి, నిలిచినప్పుడు పనివారు బయటినుండి గాలి కొట్టు యంత్రములు తెచ్చి పెట్టుదురు. ఒక్క బండికి మాత్రము 1978లో పెద్ద ఫ్యాను అమర్చినారు. గోర్డన్ మర్రే రూపొందించిన ఆ బ్రాభమ్ బండి వెనుకభాగములో ఫ్యాను గేరుపెట్టె నుండి తిరిగెడిది. చల్లార్చుటకే అని వారు చెప్పుకొన్నారు. నిజానికి అది బండి క్రింది గాలిని పీల్చి, బండిని నేలకు అతికించెడిది. ఆ యేడు జూన్ 17న స్వీడను పోటీలో నికీ లౌడా దానితో గెలిచినాడు. తక్కినవారు గగ్గోలు పెట్టగా ఆ బండి మరల పోటీలో దిగలేదు. మన మైదానము మీదుగా శంషాబాదుకు దిగు విమానములను చూపి, "అంత పెద్ద ఫ్యాను ఉంది గద సార్" అని వాదించిన విద్యార్థి కూడ ఒకడున్నాడు. 2008 మార్చిలో విమానాశ్రయము తెరచిననాటినుండి మన పిల్లలకు దృష్టాంతములన్నియు ఆకాశమునుండియే దిగుచున్నవి. ఆ ఫ్యాను విమానమును ముందుకు నెట్టుటకు, చల్లార్చుటకు కాదు నాయనా.

కమిటీవారికి మా మనవి ఇది. రెండు కరెంటు ఫ్యానుల అర్జీని ప్రస్తుతము ప్రక్కన పెట్టవలెను. ముందుగా క్రొత్త క్లచ్చి, పాత ఇనుపసామాను బజారులో దొరకినను సరే సరియైన తొడుగు, క్రొత్త మూత, థర్మోస్టాటు, రేడియేటరు విప్పి శుభ్రము చేయించుట, బోరు నీటికి బదులు శుద్ధజలముతో కలిపిన కూలెంటు, వీనికి మంజూరు ఇవ్వవలెను. ఆ పిమ్మట మే నెలలో ఒక మధ్యాహ్నము బండిని మన మైదానములో అరగంట నిలిపి నడుపుదము. మరునాడు కొండ యెక్కింతము. రెండు చోట్లను వేడి ఎంత పెరిగినదో వ్రాసి పెట్టుదము. నిలిచిన చోట ముల్లు ఎఱ్ఱగీతకు పోయినచో కంపెనీ ఫ్యానుకు తోడుగా ముందువైపు ఒక చిన్న కరెంటు ఫ్యానును, పూర్తి సరంజామాతో, పెట్టుటకు మేమే అర్జీ వ్రాయుదుము.

విద్యార్థి నాయకుడు దీనికి ఒప్పుకొనలేదని కూడ తెలుపవలెను. "మే దాకా ఆగితే పోటీలు అయిపోతయి సార్" అన్నాడు. అతని తొందర మాకు తెలియును. ఈ యేడు అతనికి చివరి యేడు. అతనికి సమాధానము చెప్పుట కష్టమే, కాని అచ్చంపేట ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న ఆ రాత్రి మాకు ఇంకను కష్టముగా ఉండెను.

ఉస్తాద్ ఒక క్లచ్చిని గురువారము వరకు తీసి ఉంచెదనన్నాడు. బండిలోని ముల్లును నమ్మక, డిగ్రీలు చూపు వేడికొలత పరికరము ఒకటి, ఆంపియర్లు కొలుచు మీటరు ఒకటి కొనుటకు వేరుగా ఒక అర్జీని కమిటీవారికి పంపినాము. దాని మీద మా సంతకము ఉన్నది.